కలపని పటిక

గోదావరికి ఎర్రనీరు తగిలిందా, ఇంకో రెండు పటిక దిమ్మలు కాలవలో పడేయ్. ఊళ్లో విరేచనాలు మొదలయ్యాయా, క్లోరిన్ ఇంకాస్త వదులు. మన మంచినీటి పథకాల్లో చాలాచోట్ల నడుస్తున్న శాస్త్రం ఇంతే. దీన్ని నీటిశుద్ధి అనడానికి నాకు నోరు రాదు. నాడి చూడకుండా మందు పోయడం ఇది.

కాలవలో పడేసిన దిమ్మకు నీటిలో బురద ఎంతుందో ఏం తెలుసు? దాని దారిన అది కరుగుతుంది. పొద్దున కొత్త దిమ్మ ఉన్నప్పుడు ఒక డోసు, సాయంత్రానికి అరిగిపోయాక ఇంకో డోసు.

బురద రేణువులు రుణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి, అందుకే అడుక్కి దిగవు. ఆ ఆవేశాన్ని చల్లార్చేది పటికలోని అల్యూమినియం. ఆ పని సెకన్లలో అయిపోతుంది. ఆలోపే పటిక మొత్తం నీటికీ అందాలి. లేదంటే ఒక పాయకు మోతాదు మించుతుంది, పక్క పాయకు చుక్క దక్కదు. 30 నుంచి 60 సెకన్లపాటు నీటిని చిలకడానికి ఫ్లాష్ మిక్సర్ పెట్టింది ఇందుకే. తర్వాత రేణువులు ముద్దకట్టేలా ఫ్లోక్యులేటర్‌లో అరగంట దాకా నెమ్మదిగా తిప్పాలి. అక్కడ జోరు పెంచితే కట్టిన ముద్దలు విరిగిపోతాయి. చిల్లగింజ అరగదీసి బిందెలో నీళ్లు తేర్చుకున్న అవ్వలకు ఈ వరస తెలుసు. కోట్లు పోసి కట్టిన ప్లాంట్లలో మాత్రం ఫ్లాష్ మిక్సర్ మోటారు కాలిపోతే రీవైండింగ్‌కు పంపే నాథుడుండడు. నీళ్లు ఎలాగూ పారుతున్నాయి కదా!

కలపడం కుదరకపోతే పటిక ఎక్కువ వేస్తే పోలా అంటారు. పోదు. మించిన పటిక నీటి క్షారతను తినేసి పీహెచ్‌ను దించుతుంది. కరిగిన అల్యూమినియం ఫిల్టర్ దాటి కుళాయికొస్తుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 0.03 మిల్లీగ్రాములు చాలంటుంది, వేరే దారి లేకపోతే 0.2 దాకా ఓర్చుకుంటుంది. ఎండాకాలంలో బాధ వేరు. సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులో పాచి పెరిగితే పగటిపూట పీహెచ్ 8 దాటుతుంది. అప్పుడు పటికా సరిగా పనిచేయదు, క్లోరిన్ పదునూ తగ్గుతుంది. మూలన విప్పి పడేసిన బ్లీచింగ్ పౌడర్ బస్తాలో అసలు క్లోరిన్ ఎంత మిగిలిందో ఆ దేవుడికే తెలియాలి.

క్లోరిన్ అన్నీ చూసుకుంటుందనే వాళ్లు మిల్వాకీ సంగతి వినాలి. అమెరికాలోని ఆ నగరంలో 1993 వసంతంలో ఒక ప్లాంటుకు మురికి పెరిగిన సరస్సు నీరు వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే పటిక మాని పాలీఅల్యూమినియం క్లోరైడ్‌కు మారారు. కొత్త రసాయనానికి డోసు కుదరలేదు, బురద ఫిల్టర్లు దాటింది. దాంతోపాటే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవీ దాటింది. దాన్ని క్లోరిన్ చంపలేదు. నాలుగు లక్షల మందికి పైగా జబ్బుపడ్డారని అంచనా. డబ్బుకు కొదవలేని దేశంలో జరిగింది ఇది.

ఇంతా చేస్తే సరైన డోసు తేల్చడానికి కావలసింది ఆరు బీకర్లు, వాటిలో తిరిగే తెడ్లు, ఒక గంట. జార్ టెస్ట్. వరద రోజుల్లో ప్రతి షిఫ్టులోనూ చేయాలి. తేలిన డోసును కొలిచి వదలడానికి ఒక డోసింగ్ పంపు కావాలి. వీటికయ్యే ఖర్చు ఓవర్‌హెడ్ ట్యాంకు మీద రంగుల బొమ్మలకు, శిలాఫలకానికి అయ్యేపాటిది. కానీ జార్ టెస్ట్‌కు రిబ్బన్ కత్తిరించలేరుగా.

ఆపరేటర్‌ని తిట్టకండి. నెలల తరబడి జీతం రాని కాంట్రాక్టు కుర్రాడికి బీకర్లూ ఇవ్వలేదు, వాటితో ఏం చేయాలో నేర్పిందీ లేదు. టెండర్‌లో కాంక్రీటుకు లెక్క ఉంటుంది, పైపుకు లెక్క ఉంటుంది. తేటనీటికి మాత్రం లెక్క ఉండదు. ఫిల్టర్ దాటిన నీటి బురద 1 ఎన్‌టీయూ లోపు ఉంటేనే బిల్లు అని ఒక్క షరతు రాయండి, కాలిన మోటార్లు ఎంత తొందరగా తిరుగుతాయో చూద్దాం!

మీ ఊరి ప్లాంటు డోసు రిజిస్టర్‌ను సమాచార హక్కు కింద అడగండి. జూలై వరదకూ జనవరి తేటకూ ఒకే అంకె ఉంటే కింద సంతకాలు చూడండి. ఆపరేటర్ సంతకం పక్కన ఇంజనీరుది ఒకటి ఉంటుంది. నిలదీయాల్సింది ఆయన్ని.