ఫ్యాను లేని పెట్టెకే నా వోటు



“మన ఎండల్లో ఫ్యాను లేని కంప్యూటరా! నెల తిరగకముందే మాడిపోతుంది మాస్టారూ” అని ఒక దుకాణదారుడు నాకు హితవు చెప్పాడు. సాక్షాత్తు సూర్యనారాయణస్వామి కొలువైన అరసవల్లిలో కాపురమున్నవాణ్ణి. ఎండ సంగతి నాకు కొత్త కాదు. ఆ హితవులో పస లేదని నిరూపించడానికే ఈ టపా.

ముందుగా నా గోడు వినండి. రాత్రివేళ పద్యాలు టైపు చేసుకోవడం ఉద్యోగ విరమణ తరువాత నాకు అలవాటైంది. గత పుష్యమాసంలో, పైకప్పు ఫ్యాను కూడా ఆపిన ఒక చలిరాత్రి, పక్కగదిలో జ్వరంతో పడుకున్న మా శ్రీమతి మంచినీళ్ళకోసం నాలుగుసార్లు పిలిచిందట. బల్లకింది పెట్టె హోరులో నాకు ఒక్క పిలుపూ వినబడలేదు. చివరకు గోడ పట్టుకొని నడచివచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ఏమీ అనలేదు. ఆ పెట్టెను మర్నాడే అటకెక్కించాను.

ఫ్యాను చల్లదనాన్ని సృష్టించదు. పెట్టెలో పుట్టిన వేడిని గదిలోకి నెడుతుంది, అంతే. కాబట్టి అడగవలసింది ‘ఎంత పెద్ద ఫ్యాను?’ అని కాదు, ‘అసలంత వేడి ఎందుకు పుట్టాలి?’ అని. నా పాత పెట్టెలోని ప్రాసెసరు 65 వాట్ల తరగతిది. దానితో నేను చేసే పని? టైపు చేయడం, ఉత్తరాలు చూడడం, ఘంటసాల పాటలు వినడం. పిచ్చుకపై బ్రహ్మాస్త్రం కాదా! 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అరచేతిలో ఇమిడే పలక. దాని ఎడాప్టరే 15 వాట్లది. ఇటువంటి పనులకు అందులో సగం చాలు. విండోసే కావాలనేవారికి 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ఉన్నది. దానికి నిర్ణయించిన ఉష్ణప్రమాణం 6 వాట్లు. ఇంట్లో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు ఎవరైనా ఫ్యాను బిగిస్తున్నారా?

కూర్పు కూడా బ్రహ్మవిద్య కాదు. రెక్కలున్న అల్యూమినియం పెట్టె తెచ్చి, ప్రాసెసరుకూ మూతకూ నడుమ వేడిని ప్రసరింపజేసే మెత్తని పట్టీ అంటించి, నాలుగు మరలు బిగించాను. వేడి లోహంలోకి, లోహం నుండి గాలిలోకి పోతుంది. తిరిగే పళ్ళేలున్న హార్డుడిస్కుకు బదులు ఎస్‌ఎస్‌డీ పెట్టాను. గడచిన మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం టైపు చేస్తూ చూశాను: ప్రాసెసరు వేడి 62 డిగ్రీలు. 80 దాకా దానికి చింత లేదు. ఆ పైన తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

పైగా మన తీరప్రాంతంలో ఫ్యాను రక్షకుడి వేషంలో ఉన్న భక్షకుడు. తేమగాలినీ దుమ్మునూ లోనికి పీలుస్తుంది. దుమ్ము పేరుకొన్నకొద్దీ వేడి, వేడి పెరిగినకొద్దీ ఘోష!

వీడియోలు కూర్చేవారికీ, భారీ ఆటలాడేవారికీ ఫ్యాను అవసరమే, కాదనను. వారికి కావలసినదాన్ని అందరికీ అంటగట్టడమే అన్యాయం. పాదపూరణకు వేసిన వ్యర్థపదాన్ని అలంకారమంటే ఏ పండితుడూ ఒప్పుకోడు. ఈ హోరును బలమంటే నేనూ ఒప్పుకోను.

ఇప్పుడు బల్లమీద పెట్టె నడుస్తున్నదో లేదో నా చెవికి తెలియదు. పక్కగదిలో మా శ్రీమతి దుప్పటి సవరించుకున్నా వినబడుతుంది. మీరు కొనబోయేముందు ధర ఒక్కటే అడగకండి. ఆన్ చేయించి, ఒక్క నిమిషం చెవి ఒగ్గి వినండి.