కుంపటి మీది రసాయన బంధము

నీటి అణువులో బంధ కోణమెంత యని యడిగినచో, 104.5 డిగ్రీలని తడుముకొనక చెప్పగల ఇంటర్మీడియట్ విద్యార్థులు హైదరాబాదులోని మా ఉప్పుగూడలో వీధి వీధినా కలరు. ఆ కోణము అట్లేల యుండవలెనని మఱల ప్రశ్నించినచో వారిలో పెక్కురు మౌనము వహింతురు. దోషము పిల్లలది కాదు. సంఖ్య నడిగి కారణము నడుగని పరీక్షకు కారణమును బోధింప నక్కఱ లేదని మన కళాశాలలు ఏనాడో నిశ్చయించుకొన్నవి. ఆ నిశ్చయము రసాయనశాస్త్రమునకే అపచారమని నా దృఢాభిప్రాయము.

కారణము కఠినమైనది కాదు. ఆక్సిజన్ పరమాణువు చుట్టును నాలుగు ఎలక్ట్రాన్ జంటలుండి, రెండు జంటలు హైడ్రోజన్ పరమాణువులను బంధించి యుండగా, తక్కిన రెండు ఒంటరి జంటలు తమ వికర్షణచే ఆ బంధములను దగ్గఱకు నెట్టుటవలన అణువు వంగిన రూపమును దాల్చును. ఒంటరి జంట లేని మీథేనులో 109.5, ఒక్కటి గల అమోనియాలో 107, రెండు గల నీటిలో 104.5 డిగ్రీలుగా కోణము తగ్గుటకు హేతువిదియే. వంగిన అణువునకు ఒక దెస స్వల్ప ధనావేశమును, వేఱొక దెస ఋణావేశమును ఏర్పడి, ఒకదాని హైడ్రోజన్ పొరుగుదాని ఆక్సిజన్‌ను ఆకర్షించును. ఈ హైడ్రోజన్ బంధము బలమున అణువులోపలి బంధమునకు ఇరువదవ వంతైన నుండునో లేదో. అయినను నీటికంటె అణుభారమున దాదాపు ఇబ్బడియైన హైడ్రోజన్ సల్ఫైడు సున్నకు 60 డిగ్రీలు దిగువనే మరిగిపోవుచుండగా, నీరు 100 డిగ్రీల వఱకు నిలిచియుండుట దీని చలువయే.

ఈ రెండు విధముల బలములకు గల భేదమును కన్నులార చూడగోరువారు పాతబస్తీలో లక్క గాజులు చేయువారి కడకు పోవలెను. చార్మినారు ప్రక్క లాడ్ బజారులో మెఱయు గాజులకు మూలము, చెట్టు కొమ్మల మీద పురుగులు స్రవించు జిగురు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. పనివాడు లక్క ముద్దను బొగ్గుల కుంపటి సెగకు చూపి, మెత్తబడినంతనే కడ్డీగా సాగదీసి, వలయముగా చుట్టి, చల్లారి గట్టిపడకమునుపే అద్దపు రాళ్ళను ఒక్కొక్కటిగా పొదుగును. ఆ సెగకు లక్క అణువులోపలి బంధములు చెక్కుచెదరవు. అణువునకును అణువునకును నడుమ నున్న బలహీనాకర్షణలు మాత్రమే సడలి, చల్లారగనే మఱల కుదురుకొనును. కావుననే విఱిగిన గాజును కరగించి తిరిగి గాజు చేయవచ్చును. అయితే లక్కను అదే పనిగా చాలసేపు కాచినచో, ఒక అణువులోని ఆమ్ల భాగము పొరుగు అణువులోని హైడ్రాక్సిల్ భాగముతో కలిసి, నీటిని విడిచి, నిజమైన రసాయన బంధమునే కల్పించుకొనును; అటుపై ఆ ముద్ద ఎంత సెగ పెట్టినను కరగదు. ముద్దను ఎప్పుడు సెగనుండి తీయవలయునో చేతి స్పర్శతోనే గ్రహించు ఆ పనివాని నేర్పులో, పాఠ్యపుస్తకపు అధ్యాయమొకటి సాంతముగ నిమిడి యున్నది.

కారణమును బోధింపకుండుటకంటె విచారకరమైన విషయమింకొకటి కలదు. ఉప్పుగూడ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కిన విద్యార్థి దిగగల లింగంపల్లికి చేరువనే హైదరాబాదు విశ్వవిద్యాలయమున్నది. ఆ విశ్వవిద్యాలయమున 1979 నుండి 2009 వఱకు ఆచార్యులైన గౌతమ్ దేశిరాజు, స్ఫటికములలో అణువులు ఏ బలహీన బంధములచే ఏ రీతిని పేరుకొనునో పరిశోధించి, 1989లో క్రిస్టల్ ఇంజనీరింగ్ మీద ప్రామాణిక గ్రంథమును రచించిరి. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘము 2011లో హైడ్రోజన్ బంధమునకు నూతన నిర్వచనమును ప్రకటించినప్పుడు, బెంగుళూరు ఆచార్యులు ఈ. అరుణన్ ఆధ్వర్యమున దానిని రూపొందించిన పదునలుగురిలో దేశిరాజు ఒకరు. 2017లో ప్రపంచ స్ఫటికశాస్త్రజ్ఞుల మహాసభ మన నగరముననే జరిగినది. ఇది కేవలము పండితుల వినోదము కాదు. రిటోనవిర్ అను ఎయిడ్స్ మందు, అవే అణువులు వేఱొక విధముగ పేరుకొనిన స్ఫటికరూపము తలయెత్తి సరిగా కరగకపోవుటచే, 1998లో గుళికల రూపమున అంగడినుండి తొలగింపబడినది. మందుల తయారీకి పేరెన్నికగన్న నగరమున పెరుగు పిల్లలు ఈ బలహీన బలముల మహిమ నెఱుగకుండుట యెంత కొఱత!

ఇంటర్మీడియట్ బోర్డు వారికి నా మనవి యొక్కటే. నాలుగు ఎలక్ట్రాన్ జంటలకు బదులుగా నాలుగు బుడగల మూతులను ఒక్కచోట ముడివేసినచో అవి వాటంతటవే చతుర్ముఖీయ రూపమున సర్దుకొనును. ఈ పరీక్షకు ప్రయోగశాల యేల? ప్రయోగ పరీక్షలో లవణ విశ్లేషణతోపాటు, అణువు నమూనాను చేతితో కట్టి ఆ రూపమునకు కారణమును నోటితో చెప్పుటకు అయిదు మార్కులైనను కేటాయింపుడు. పాతబస్తీ జూనియర్ కళాశాలల అధ్యాపకులారా, ఏడాదికొక్కమాఱు లక్క పనివానిని, వాని కుంపటితో సహా, గౌరవవేతనమిచ్చి తరగతికి పిలువుడు. పిదప ఆ పిల్లలను లింగంపల్లి రైలెక్కించి విశ్వవిద్యాలయపు స్ఫటికములను చూపింపుడు.