గ్రూపులో నోరు మూయించడం శాంతి కాదు

గంజాం జిల్లాలో, బరంపురం పట్టణంలో ఈ రోజు ఆఫీసు అంటే నాలుగు గోడలు మాత్రమే కాదు, ఫోనులో ఉన్న వాట్సాప్ గ్రూపు కూడా. డ్యూటీ పట్టిక అక్కడే వస్తుంది. సెలవు అక్కడే అడుగుతారు. జీతం ఎప్పుడు పడుతుందో అక్కడే తెలుస్తుంది. ఒకరు ఒడియాలో రాస్తారు, ఒకరు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, ఇంకొకరు హిందీలో జవాబిస్తారు. అటువంటి చోట ఎవరు మాట్లాడవచ్చు, ఎవరి సందేశం తీసేస్తారు అన్నది చిన్న విషయం కాదు, అది న్యాయానికి సంబంధించిన విషయం. అడ్మిన్ ఉన్నది యాజమాన్యం తరఫున కాపలా కాయడానికి కాదని, అందరికంటే బలహీనుడు కూడా భయం లేకుండా మాట్లాడే చోటును కాపాడటానికని మేము నమ్ముతున్నాము.

ఈ మాటకు బరంపురంలోనే ఒక పునాది ఉంది. మన మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో ఈ ఊరిలోనే ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, 1936లో ఒరిస్సాలో కలిసింది. కలకత్తా నుండి బరంపురం మీదుగా వాల్తేరుకు సాగిన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు గిరి నాయకుడు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక కూడా ఆయన ఒకే మాట మీద నిలబడ్డారు: కార్మికులు, యజమానులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తగవు తీర్చుకోవాలి, పైనుండి తీర్పు రుద్దడం చివరి దారి కావాలి. దానికి 'గిరి పద్ధతి' అని పేరు వచ్చింది. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో ఆయన పదవినే వదులుకున్నారు.

మన గ్రూపుల్లో గిరి పద్ధతి ఎక్కడుంది? చాలా చోట్ల పై అధికారే అడ్మిన్, లేదా అతని మనిషి అడ్మిన్. "ఓవర్‌టైం డబ్బు ఇంకా రాలేదు" అని ఒకరు రాస్తే అది క్రమశిక్షణ తప్పినట్టు, వెంటనే తీసేస్తారు. ఒక కులాన్నో మతాన్నో వెక్కిరించే ఫార్వర్డ్ మాత్రం రోజంతా అలాగే ఉంటుంది, దాని కింద నవ్వే బొమ్మలు కూడా పడతాయి. అడ్మిన్లు మాత్రమే రాసే ఏర్పాటు 2018 నుండి, ఎవరి సందేశాన్నైనా అందరికీ తొలగించే అధికారం 2022 నుండి వాట్సాప్‌లో ఉన్నాయి. పనిముట్లు మంచివే. అవి ఎవరి మీదికి తిరుగుతున్నాయన్నదే ప్రశ్న.

"ఎవరో రాసినదానికి కేసు నా మీద పడుతుంది" అని కొందరు అడ్మిన్లు భయపడి గ్రూపునే మూసేస్తారు. ఆ భయం అంతగా అవసరం లేదు. సభ్యుడు పెట్టిన సందేశానికి, అతనితో కలిసి పథకం వేసుకుంటే తప్ప, అడ్మిన్ నేరస్థుడు కాడని బొంబాయి హైకోర్టు 2021లో చెప్పింది. కేరళ హైకోర్టు కూడా 2022లో అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని తీర్పు ఇచ్చింది. చట్టం అడ్మిన్‌ను వదిలింది కానీ మనస్సాక్షి వదలదు.

కాబట్టి రెండింటిని విడదీసి చూడటం నేర్చుకోవాలి. పని గురించిన ఫిర్యాదు ఎంత ఘాటుగా ఉన్నా ఉండనివ్వాలి. మనిషి పుట్టుకను, విశ్వాసాన్ని, భాషను, ఆడతనాన్ని కించపరిచే మాట ఎంత సరదాగా కనిపించినా తీసేయాలి. పక్క జిల్లా కంధమాల్‌లో 2007, 2008లలో ఏమి జరిగిందో చూసిన ప్రాంతం ఇది. మతం మీద విసిరిన మాట ఎంత దూరం పోతుందో ఇక్కడి క్రైస్తవులకు వేరే చెప్పనవసరం లేదు. అయితే ఈ నియమం మనకూ వర్తిస్తుంది. ఇతరుల దేవుళ్ళను ఎగతాళి చేసే వీడియోను ఆఫీసు గ్రూపులో పెట్టి దాన్ని సాక్ష్యం అనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మనలోనూ ఉన్నారు.

దళిత క్రైస్తవుల సంగతి ఇంకా కష్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల షెడ్యూల్డ్ కులాల హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే ఉంది. అందువల్ల కులం పేరుతో తిట్టించుకున్న దళిత క్రైస్తవుడికి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం అండ దొరకడం కష్టం. కోర్టుకు వెళ్ళలేని ఆ మనిషికి గ్రూపులో అడ్మిన్ అనే ఒక్క మాటే అండ: "ఇది ఇక్కడ కుదరదు."

గ్రూపులో చర్చకు పెట్టకూడనివీ కొన్ని ఉన్నాయి. లైంగిక వేధింపు ఫిర్యాదు అటువంటిది. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంది, బాధితురాలి పేరు బయట పెట్టకూడదు. అసభ్య సందేశం వచ్చినప్పుడు అడ్మిన్ ముందు దాని స్క్రీన్‌షాట్ భద్రపరచాలి, తరువాతే తొలగించాలి, ఆ సోదరికి కమిటీ దారి చూపాలి. సాక్ష్యాన్ని చెరిపేసి "సర్దుకుపో అమ్మా" అనడం ఆమెకు రెండో దెబ్బ.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం గుర్తు చేసుకుందాం. రోజూ పంచే సహాయంలో తమ విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని గ్రీకు భాష మాట్లాడేవారు సణిగారు. అది భాషలో తక్కువైనవారి ఫిర్యాదు. అపొస్తలులు ఆ సణుగుడును పాపమని అణచలేదు. అందరినీ పిలిచి, ఏడుగురిని ఎన్నుకోమని చెప్పి, ఆ పనిని వారికి అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే.

మన ఆఫీసు గ్రూపులకు ఇంతకంటే మంచి నమూనా అక్కర్లేదు. అడ్మిన్ ఒక్కడే ఉండకూడదు. అధికారి పక్కన కింది స్థాయి ఉద్యోగి ఒకరు, స్త్రీ ఒకరు, ఆ చోట తక్కువమంది మాట్లాడే భాషవారు ఒకరు ఉండాలి. నియమాలు నాలుగైదు చాలు, అవి అందరూ చదవగలిగే భాషల్లో ఉండాలి. సందేశం తీసేస్తే ఎందుకు తీశారో ఒక వాక్యంలో చెప్పాలి. ఫిర్యాదు వస్తే ఫలానా రోజులోగా కూర్చుని మాట్లాడతామని అక్కడే రాయాలి, రాసిన ప్రకారం కూర్చోవాలి.

యువతీ యువకులారా, ఫోను బాగా వచ్చని ఆఫీసులో ఈ పని మీకే అప్పగిస్తారు. ఒప్పుకోండి. అయితే ఎవరి సందేశాన్నైనా చెరిపే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనివల్ల ఎవరికి ఊరట, ఎవరికి దెబ్బ? ఊరట ఎప్పుడూ పైవాడికే దొరుకుతుంటే, ఆ గ్రూపులో ఉన్నది శాంతి కాదు, భయం.