‘మరియు’ తెచ్చే చిక్కు

‘కాఫీ, మిరియాలు పండించే అరకు రైతులకు సాయం’ అని ప్రకటిస్తే, రెండూ పండించేవారికేనా, ఏ ఒక్కటి పండించినా చాలునా? ఉర్దూ ‘ఔర్’తోనూ ఇదే తంటా. తర్కశాస్త్రంలో సముచ్చయానికి అర్థమొక్కటే; వాడుకలో అది ఒకచోట అర్హతను బిగిస్తుంది, మరొకచోట జనాన్ని కలుపుతుంది. కాఫీతోట నీడచెట్లకే మిరియపు తీగ పాకుతుంది గనుక అక్కడ చిక్కు స్వల్పం.

2006 నాటి అటవీ హక్కుల చట్టంలో అది స్వల్పం కాదు. ప్రధానంగా అడవిలో నివసిస్తూ, ‘మరియు’ జీవనానికి దానిపై ఆధారపడే గిరిజనులకు హక్కులన్నది నిర్వచనం. ఇల్లు అడవి హద్దు వెలుపల, పోడు లోపల ఉన్నవాని గతి? వెలుపల నివసించినా అడవిపై ఆధారపడేవారూ అర్హులేనని కేంద్ర గిరిజన మంత్రిత్వశాఖ 2008 జూన్‌లో వివరించవలసి వచ్చింది. వివరణ న్యాయమే. కాని చట్టాన్ని తెలుగు చేసేవారు ‘మరియు’ అని దించి చేతులు దులుపుకోక, ఆ వివరణను వాక్యంలోనే విడమరచాలని మేము కోరుతున్నాము.