ఊరు బోధనోపకరణం కాదు

ప్రవేశాల కాలం వచ్చేసరికి అంతర్జాతీయ బోర్డింగ్ పాఠశాలల ప్రకటనలతో పత్రికల పేజీలూ నగర కూడళ్లూ నిండిపోతున్నాయి. ఈత కొలనులు, గుర్రపు స్వారీ, విదేశీ టీచర్ల సరసన కొన్నేళ్లుగా మరో బొమ్మ తప్పకుండా కనిపిస్తోంది. ఒకే రంగు టీషర్టులు వేసుకున్న విద్యార్థులు ఏదో పల్లెలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల గోడకు రంగులు వేస్తుంటారు. పక్కన ఆ బడి పిల్లలు చెప్పుల్లేని కాళ్లతో నిలబడి చూస్తుంటారు. తమ విద్యార్థులు ప్రపంచ సంస్కృతులను ఆకళింపు చేసుకుంటున్నారనీ, సమాజసేవతో పల్లెల రుణం తీర్చుకుంటున్నారనీ కింద చాటుకుంటారు. అందులో మొదటి సగం గురించి వాదోపవాదాలకు తావుంది. రెండో సగం అబద్ధం. ఆ అబద్ధానికి పసివాళ్ల ముఖాలను సాక్ష్యం తెచ్చుకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

ఖరీదైన చదువును ఎవరి డబ్బుతో వారు కొనుక్కుంటే మాకు అభ్యంతరం లేదు. పదిహేనేళ్ల పిల్ల మరో దేశపు పిల్లతో గది పంచుకుంటే మనసు విశాలమవుతుంది. కుటుంబ స్థోమతను బట్టి ఉపకార వేతనాలిచ్చే పాఠశాలలూ కొన్ని ఉన్నాయి. ఆ రెండూ ఒప్పుకుంటూనే అడుగుతున్నాం: ఈ సేవ ఎవరికి?

జవాబు వారి పాఠ్యప్రణాళికలోనే ఉంది. ఈ పాఠశాలల్లో చాలావాటిలో పదకొండు, పన్నెండు తరగతులకు నడిచేది ఇంటర్నేషనల్ బ్యాకలారియేట్ డిప్లొమా. 1968లో జెనీవా కేంద్రంగా మొదలైన ఈ విధానంలో సృజన, శారీరక కృషి, సేవ కలిసిన ‘క్యాస్’ అనే విభాగం ఉంది. దానికి మార్కులుండవు గానీ, పూర్తి చేయకపోతే డిప్లొమా చేతికి రాదు. పద్దెనిమిది నెలలపాటు పనిచేసి ఏడు ఫలితాలు సాధించినట్లు విద్యార్థి చూపాలి. తన బలాలను, లోపాలను గుర్తించడం, సవాళ్లను ఎదుర్కొని కొత్త నైపుణ్యాలు నేర్వడం, సొంతంగా ఒక పనిని తలపెట్టి ప్రణాళిక వేయడం, పట్టుదల, పదిమందితో కలిసి పనిచేయడం, ప్రపంచ సమస్యలను పట్టించుకోవడం, తన చేతల మంచిచెడ్డలను ఆలోచించడం. ఏడింటికి ఏడూ విద్యార్థి ఎదుగుదల గురించినవే. ఆ ఊళ్లో ఏం మారిందో చెప్పమన్న ప్రశ్న ఆ ఏడింటిలో లేదు.

పదహారేళ్ల వయసులో ఇది మంచి శిక్షణే. అయితే శిక్షణను శిక్షణ అనే చెప్పాలి. పెద్దాసుపత్రిలో వైద్య విద్యార్థి మొదటిసారి సూది వేయడం నేర్చుకునేటప్పుడు చెయ్యి చాపేది ఒక పేద రోగి. ఆ విద్యార్థి జీవితాంతం ఆ రోగికి రుణపడి ఉంటాడు. నేను ఆయనకు ఉపకారం చేశానని చెప్పుకుంటే గురువులే మందలిస్తారు. ఇక్కడ జరుగుతున్నదీ అదే. డిప్లొమాకు కావలసిన అనుభవాన్ని ఊరు ఇచ్చింది, పాఠశాల పుచ్చుకుంది. రేపు విదేశీ విశ్వవిద్యాలయాల దరఖాస్తుల్లో ఆ అనుభవం గురించి వ్యాసం రాసుకునేది ఆ విద్యార్థి. పదేళ్ల తర్వాత కూడా ఆ అనుభవం ఎవరికైనా అక్కరకొచ్చిందంటే అది అతనికే. ఇచ్చినవారిని పుచ్చుకున్నవారిగా, పుచ్చుకున్నవారిని దాతలుగా తారుమారు చేసి చూపించడం పిల్లలకు నేర్పదగిన నిజాయతీ కాదు.

ఆ గోడ దగ్గరికే వెళ్దాం. శనివారం ఉదయం ఏసీ బస్సు వస్తుంది. రంగు డబ్బాలు, కుంచెలు దిగుతాయి. మధ్యాహ్నానికి గోడమీద ఒక జిరాఫీ, ఒక భూగోళం, ఇంగ్లిషు అక్షరాలు వెలుస్తాయి. మధ్యాహ్న భోజనం వేళ అతిథులు కాసేపు వడ్డిస్తారు. కోడిగుడ్డు పెడుతుండగా ఫొటోలు తీసుకుంటారు. నాలుగింటికి బస్సు వెళ్లిపోతుంది. సోమవారం ఆ బడి మళ్లీ ఎప్పటిలా తెరుచుకుంటుంది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ వేల ప్రాథమిక పాఠశాలలు ఒక్క టీచరుతోనే నడుస్తున్నాయి. అలాంటి చోట ఆ టీచరమ్మ ఒకటో తరగతి పిల్లలకు పలకమీద అక్షరాలు దిద్దమని చెప్పి, ఐదో తరగతి పిల్లలకు భాగహారం చెబుతూ, మధ్యలో రెండో తరగతి వాళ్లు కొట్టుకోకుండా ఓ కన్నేసి ఉంచాలి. మరుగుదొడ్డికి నీళ్లు రావాలి. వానకు కారే మూల బాగుపడాలి. గోడకు రంగులు కావాలని ఆ టీచరమ్మ అడిగిందా? బడి యాజమాన్య కమిటీలోని తల్లులు అడిగారా? ఎవరూ అడగని పనిని ఒక్క పూటలో ముగించి, దానికి సేవ అని పేరుపెట్టి, పేజీడు ప్రకటనలో అచ్చువేసుకోవడం ఆ టీచరమ్మ రోజూ చేసే చాకిరీని అవమానించడమే.

ఫొటోల సంగతి మరీ బాధాకరం. బోర్డింగ్ పాఠశాలలో చేర్చేటప్పుడు తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించుకునే కాగితాల్లో, పిల్లల ఫొటోలను ప్రచారానికి వాడుకోవడానికి అంగీకారపత్రం ఉండటం మామూలే. వద్దంటే ఆ పిల్లల బొమ్మ ఎక్కడా వేయరు. గోడ పక్కన నిలబడిన పిల్లల తల్లిదండ్రుల చేత అలాంటి సంతకం తీసుకున్నారా? మిరపకాయలు కోయడానికి కూలికి వెళ్లిన తల్లికి తన కూతురి బొమ్మ హైదరాబాద్ కూడలిలో హోర్డింగుకెక్కిందని ఎవరైనా చెప్పారా? ఒక బిడ్డ ముఖానికి అనుమతి కావాలి, మరో బిడ్డ ముఖానికి అక్కర్లేదు అన్నప్పుడే, ఈ పాఠశాలలు ఎవరిని మనుషులుగా చూస్తున్నాయో, ఎవరిని బోధనోపకరణంగా చూస్తున్నాయో తేలిపోతుంది. సేవ అనేది సమాజం నిజంగా కోరుకునే అవసరాన్ని తీర్చాలని, అందులో పాలుపంచుకునే అందరి హక్కులనూ గౌరవాన్నీ కాపాడాలని ఆ డిప్లొమా మార్గదర్శకాలే చెబుతున్నాయి. తాము చెప్పే చదువు పెట్టిన నియమాన్నే పాటించని ఈ పాఠశాలలు విద్యార్థులకు విలువలు నేర్పుతామంటే నమ్మేదెలా?

ఈ తరహా పాఠశాలలు తమ గురువుగా చెప్పుకునే కర్ట్ హాన్ సేవ అంటే ఏమనుకున్నాడో గుర్తుచేయక తప్పదు. హిట్లర్‌ను ఎదిరించి 1933లో జైలుపాలైన ఆ జర్మన్ విద్యావేత్త బ్రిటన్‌కు వెళ్లి, 1934లో స్కాట్లండ్‌లో గోర్డన్‌స్టన్ పాఠశాల స్థాపించాడు. ప్రచ్ఛన్నయుద్ధం ముమ్మరంగా ఉన్న 1962లో, దేశదేశాల పిల్లలను ఒకచోట చేర్చాలన్న ఆయన తలపుతోనే వేల్స్ తీరంలో అట్లాంటిక్ కాలేజీ మొదలైంది. యునైటెడ్ వరల్డ్ కాలేజీలకు అదే మూలం. ఆ విద్యార్థుల సేవ సముద్రంలో ఉండేది. 1963 నుంచి 2013 దాకా ఆ కాలేజీ బ్రిటన్ లైఫ్‌బోట్ సంస్థకు ఒక స్టేషన్‌గా పనిచేసింది. పిలుపు వస్తే పడవ తీసుకుని వెళ్లాల్సిందే. ఆ పనిలోనే, గట్టి అడుగుభాగం చుట్టూ గాలి నింపిన గొట్టాలుండే కొత్తరకం రక్షణ పడవకు అక్కడ రూపమిచ్చారు. దాని హక్కులను లైఫ్‌బోట్ సంస్థకు ఒక్క పౌండుకు ఇచ్చేశారు. ఇవాళ ప్రపంచమంతటా సహాయక బృందాలు వాడుతున్నది అలాంటి పడవలనే. మునిగిపోతున్న మనిషికి తన అవసరమేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒడ్డుకు చేరాడా లేదా అన్నదే లెక్క. హాన్ పేరు చెప్పుకునేవారు ఆ లెక్కకు నిలబడాలి.

అంత దూరం వెళ్లనక్కర్లేదు. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి నెలకొల్పిన రిషివ్యాలీ పాఠశాల ఉంది. అదీ ఫీజులు తీసుకునే బోర్డింగ్ పాఠశాలే. ఆ లోయ చుట్టూ ఉన్న పల్లెల్లో ఒకే గది, ఒకే టీచరు, పలు తరగతులు అనే చిక్కు ఉందని గ్రహించి, 1980ల నుంచి దాని గ్రామీణ విద్యా కేంద్రం ఆ చిక్కు మీదే పనిచేసింది. పాఠాలను చిన్నచిన్న కార్డులుగా విడగొట్టింది. ఒక్కో పిల్ల తన వేగంతో మెట్టు మెట్టు ఎక్కేలా నిచ్చెనలా అమర్చింది. ఊరి యువతకే శిక్షణ ఇచ్చి టీచర్లను చేసి, చుట్టుపక్కల చిన్న బడులు నడిపించింది. ఆ పద్ధతి స్ఫూర్తితోనే 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో కృత్యాధార బోధన మొదలై, తర్వాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ పాకింది. ఊరి కష్టం ఏమిటో ముందు తెలుసుకోవడం, ఏళ్ల తరబడి అక్కడే ఉండటం, చేసింది ఊరి చేతుల్లోనే వదిలిపెట్టడం: సేవ అంటే ఇదీ. మన గడ్డమీద జరిగిన పని ఇది. చేయాలనుకున్నవారికి దారి లేకపోలేదు.

ఇక సంస్కృతుల మధ్య అవగాహన మాట. 1963లో స్వాజిలాండ్‌లో మైకేల్ స్టెర్న్ వాటర్‌ఫోర్డ్ పాఠశాల స్థాపించాడు. సరిహద్దుకు ఆవల దక్షిణాఫ్రికాలో నల్ల పిల్లలూ తెల్ల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చోవడాన్ని వర్ణవివక్ష చట్టాలు అడ్డుకుంటున్న రోజులవి. ఆ పిల్లలను పక్కపక్కన కూర్చోబెట్టడానికే ఆ బడి పెట్టారు. మండేలా కుమార్తెలు అక్కడే చదివారు. తమ సమాజం కట్టిన గోడ ఏదో ఆ బడికి తెలుసు. దాన్ని దాటడమే అవగాహన అని నమ్మింది. మన సమాజం కట్టిన గోడలు కులం, డబ్బు, ఇంగ్లిషు మీడియం. కొరియా నుంచి, కెనడా నుంచి వచ్చిన పిల్లలతో స్నేహం కుదిరి, ప్రహరీకి అవతలి ఊరి పిల్లతో ఒక్క పూట కూడా కలిసి భోంచేయని చదువు ఆ గోడల్లో దేన్ని దాటినట్టు? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు పాఠశాలలు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన, అణగారిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థిస్తూనే, డే స్కాలర్లూ హాస్టల్ విద్యార్థులూ కలిసి చదివేచోట చట్టం డే స్కాలర్లకే వర్తిస్తుందని స్పష్టం చేసింది. చట్టం హాస్టల్ గుమ్మం దగ్గర ఆగిపోయింది. అయితే చట్టం బలవంతపెట్టకపోవడం వేరు, వద్దనడం వేరు. సొంతంగా ఆ సీట్లు ఇవ్వకుండా ఈ పాఠశాలలను ఆపుతున్నది ఏ చట్టమూ కాదు.

పైగా వీటికి ప్రజలు ఇప్పటికే చాలా ఇస్తున్నారు. ఫీజు ఎన్ని లక్షలైనా ప్లస్‌టూ వరకు దానిపై జీఎస్టీ లేదు. ట్రస్టులుగా, సొసైటీలుగా నమోదైనవాటికి, విద్య ధర్మకార్యమన్న లెక్కన ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. తెలుగునేల నుంచి వెళ్లిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో 2022 అక్టోబరు 19న సుప్రీంకోర్టు, ఆ మినహాయింపు కోరే సంస్థ పూర్తిగా విద్యకే అంకితమై ఉండాలని, లాభం దాని ధ్యేయం కారాదని తేల్చిచెప్పింది. అదే సమయంలో మిరపకాయలు కోసే తల్లి తాను కొనే సబ్బుబిళ్ల మీద పన్ను కడుతూనే ఉంది. రుణం ఉన్నమాట నిజమే. అది ఒక గోడకు రంగేస్తే తీరేది కాదు.

అవగాహన అంటే ఏమిటో నవోదయ విద్యాలయాలు ఏ హోర్డింగూ లేకుండానే చేసి చూపాయి. 1985-86లో హరియాణాలోని ఝజ్జర్, మహారాష్ట్రలోని అమరావతిలో మొదలైన ఆ బడుల్లో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవే. తొమ్మిదో తరగతికి రాగానే 30 శాతం మంది పిల్లలను హిందీ, హిందీయేతర ప్రాంతాల మధ్య ఏడాదిపాటు మార్చే పద్ధతి వాటి రూపకల్పనలోనే ఉంది. పప్పన్నం తిని పెరిగిన తెలుగు రైతు బిడ్డ ఏడాదిపాటు రొట్టెలు తిని, హిందీలో పోట్లాడి, హిందీలోనే రాజీపడి ఇంటికొస్తుంది. ఆ అవగాహనకు లక్షలు ఖర్చు కాలేదు. పక్క మంచం మీద మరో రైతు బిడ్డ ఉంటే చాలింది.

కాబట్టి అంతర్జాతీయ పాఠశాలలను మేము అడిగేది స్పష్టం. పూర్తి ఉచితంగా ఎన్ని సీట్లు, ఎవరికి ఇచ్చారో ఏటా బహిరంగంగా ప్రకటించండి. మీ ప్రహరీ ఉన్న మండలంలోని ప్రభుత్వ బడుల పిల్లలకు హాస్టల్లో మంచం, మెస్‌లో కంచం ఇవ్వండి. ఏ ఊళ్లో పనిచేసినా అక్కడి బడి యాజమాన్య కమిటీ కోరిన పని చేయండి. మొదలుపెట్టింది కనీసం మూడేళ్లు కొనసాగించండి. పల్లె పిల్లల బొమ్మలను ప్రకటనల నుంచి ఇవాళే తొలగించండి. రెండు రాష్ట్ర ప్రభుత్వాలు ఈ పాఠశాలల గుర్తింపును పునరుద్ధరించే ముందు ఈ లెక్కలు అడగాలి. పన్ను మినహాయింపు ఇస్తున్న కేంద్రం కూడా అడగాలి.

పిల్లలను చేర్చబోతున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. క్యాంపస్ చూపించడానికి తీసుకెళ్లినప్పుడు, ఈత కొలను ఎక్కడుందని అడిగే ముందు, ఈ ఊరి పిల్లలు ఎంతమంది ఇక్కడ చదువుతున్నారో అడగండి. ఆ సంఖ్య సున్నా అయితే, ఆ పాఠశాల నేర్పే ప్రపంచ పౌరసత్వంలో పొరుగువారికి చోటు లేదని గ్రహించండి.