చందమామలో కుందేలేది?

మొన్న వేసవి సెలవులకి పూండి వెళ్తూ, హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర కెమెరా అరువు తీసుకెళ్ళాను. దానికి 250 మిల్లీమీటర్ల లెన్సు ఉంది. వైశాఖ పౌర్ణమి రాత్రి మా డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన ట్రైపాడ్ పెట్టి చందమామని ఓ వంద ఫొటోలు తీశాను. మర్నాడు మధ్యాహ్నమంతా లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక ఫొటోకి పదును పెట్టాను. గోతులు, గట్లు, తెల్లటి చారలు, అన్నీ పైకి తేలాయి. గర్వంగా తీసుకెళ్ళి అమ్మమ్మకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, కాసేపు వంగి చూసి, ఒకటే మాట అడిగింది.

"ఇదేట్రా బాబూ, ఇందులో కుందేలు నేదు?"

నవ్వేశాను. తర్వాత మళ్ళీ చూస్తే, నిజమే. కుందేలు లేదు. రాత్రి డాబా మీంచి మామూలు కళ్ళకి కనిపించిన కుందేలు, నేను మూడు గంటలు కష్టపడి "బాగుచేసిన" ఫొటోలో మాయమైంది.

అమ్మమ్మ కుందేలు అనేది చంద్రుడి మీద నల్లటి మైదానాలని. వందల కోట్ల ఏళ్ళ కిందట లావా పారి గడ్డకట్టిన చోట్లు అవి. పెద్ద పెద్ద మచ్చలు, మెత్తటి అంచులు. నేను వాడింది జింప్‌లో ఉండే అన్‌షార్ప్ మాస్క్. అది చేసే పని చాలా సింపుల్. ముందు ఫొటోకి ఒక మసక కాపీ తయారు చేస్తుంది. అసలు ఫొటోలోంచి ఆ మసకని తీసేస్తే అంచులు మాత్రం మిగులుతాయి. వాటిని హెచ్చవేసి మళ్ళీ అసలు ఫొటోకి కలుపుతుంది. ఇది కంప్యూటర్లతో పుట్టిన విద్య కూడా కాదు. ఫిల్ము రోజుల్లోనే డార్క్‌రూములో మసక పాజిటివ్‌ని అసలు నెగెటివ్‌కి జతచేసి ఇదే పని చేసేవారు.

పౌర్ణమి నాడు సూర్యుడి వెలుగు చంద్రుడి మీద నేరుగా పడుతుంది. నీడలుండవు, ఫొటో చప్పగా వస్తుంది. ఆ చప్పదనం పోగొట్టాలని నేను స్లైడర్లన్నీ కుడివైపు లాగేశాను. అది చాలక నల్లగా ఉన్న చోట్లని కూడా వెలిగించాను. సిగ్నల్స్ క్లాసు భాషలో చెప్పాలంటే గోతుల అంచులు హై ఫ్రీక్వెన్సీ, కుందేలు లో ఫ్రీక్వెన్సీ. మొదటిదాన్ని పెంచి రెండోదాన్ని కడిగేశాను. ఆ సబ్జెక్టు పాసయినప్పుడు అర్థం కానిది అమ్మమ్మ అడిగినప్పుడు అర్థమైంది.

సరే, ఇది నా తప్పు. స్లైడర్లు వెనక్కి లాగితే కుందేలు తిరిగొచ్చింది. కానీ అదే రోజు సాయంత్రం ఇంకో ఫొటో తీశాం. దాని కథ వేరు.

పౌర్ణమి కదా అని మా బావ, నేనూ బండి మీద అక్కుపల్లి శివసాగర్ బీచ్‌కి వెళ్ళాం. సముద్రంలోంచి చందమామ లేచింది. మా ఉద్దానం తీరంలో వేసవి సాయంత్రం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, గాలంతా ఉప్పు, తేమ. దాని చాటునుంచి వచ్చిన చంద్రుడు నారింజ రంగులో ఉన్నాడు, అడుగున కొంచెం నొక్కినట్టు ఉన్నాడు. ఒక్క గొయ్యి కూడా కనిపించట్లేదు. బావ తన ఫోన్‌తో జూమ్ చేసి తీశాడు. స్క్రీన్ మీద పడింది మాత్రం బూడిద రంగు చంద్రుడు, కత్తిలాంటి అంచులు, టైకో గొయ్యి గుండ్రటి గట్టుతో సహా! "నీ కెమెరా ఎందుకురా?" అన్నాడు బావ.

నాకు మండింది. కాగితం తీసుకుని లెక్కేశాను. మీరూ వేసి చూడండి. ఆకాశంలో చంద్రుడి వెడల్పు సుమారు అర డిగ్రీ. నా 250 లెన్సుతో సెన్సర్ మీద పడే బింబం రెండుంబావు మిల్లీమీటర్లు, అంటే దాదాపు 600 పిక్సెళ్ళు. చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు. అంటే నా ఫొటోలో ఒక్కో పిక్సెల్ దాదాపు ఆరు కిలోమీటర్లు. బావ ఫోన్‌లో దూరం లాగే లెన్సు వేరే లేదు. మామూలు ఫోన్ ప్రధాన కెమెరా ఫోకల్ లెంగ్త్ ఆరు మిల్లీమీటర్లు అటూ ఇటూ. దాని సెన్సర్ మీద చంద్రబింబం మిల్లీమీటరులో దాదాపు ఇరవయ్యో వంతు, యాభై చిల్లర పిక్సెళ్ళు. ఒక్కో పిక్సెల్ అరవై కిలోమీటర్ల పైమాటే. టైకో వెడల్పు సుమారు 85 కిలోమీటర్లు. ఒకటిన్నర పిక్సెల్‌లో గుండ్రటి గట్టు ఎలా పడుతుంది?

పడదు. ఆ గట్టు అక్కుపల్లి ఆకాశం నుంచి రాలేదు. వేల చంద్రుడి ఫొటోలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాము నుంచి వచ్చింది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 2023 మార్చిలో ఒకాయన చంద్రుడి ఫొటోని 170 పిక్సెళ్ళకి కుదించి, కావాలనే మసక చేసి, చీకటి గదిలో మానిటర్ మీద పెట్టి శాంసంగ్ గెలాక్సీ ఎస్23 అల్ట్రాతో తీశాడు. మసకలో లేని వివరాలు ఫొటోలోకి వచ్చాయి. పెద్ద చర్చ జరిగింది. ఫోన్ చంద్రుణ్ణి గుర్తుపట్టాక ఏఐ సాయంతో వివరాలు మెరుగుపరుస్తుందని, కావాలంటే ఆ సదుపాయాన్ని ఆపుకోవచ్చని కంపెనీ వివరించింది. మర్నాడు రాత్రి నేనూ అదే పరీక్ష బావ ఫోన్ మీద పెట్టాను. లాప్‌టాప్ మీద మసక ముద్ద, ఫోన్‌లో గోతుల చంద్రుడు. బావ కాసేపు మాట్లాడలేదు.

ఈ కథ హాస్టల్లో చెప్తే వచ్చే మొదటి ప్రశ్న నాకు తెలుసు. "ప్రతి ఫొటో ఎడిటే కదరా, నీది మాత్రం నిజమా?" న్యాయమైన ప్రశ్నే. కెమెరా సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది. మిగతా రెండు రంగుల్ని చుట్టుపక్కల పిక్సెళ్ళని బట్టి అంచనా కడుతుంది. అంటే మనం "అసలు ఫొటో" అనుకునేదాంట్లో కూడా అంచనా ఉంది. ఖగోళ ఫొటోలు తీసేవాళ్ళు వందల ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. వంద ఫ్రేములు కలిపితే నాయిస్ పదో వంతుకి తగ్గుతుంది. ఆటోస్టాకర్ట్, రెజిస్టాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పనికే ఉన్నాయి. అదీ ఎడిటింగే.

తేడా ఎక్కడుందంటే, ఆ వివరం ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దాంట్లో. పక్క పిక్సెల్‌ని అడిగినా, ముందు ఫ్రేముని అడిగినా, ఆ రాత్రి ఆ లెన్సులోకి వచ్చిన వెలుగునే అడుగుతున్నాం. ఏఐ అడిగేది ఎప్పుడో ఎక్కడో ఎవరో తీసిన ఫొటోని. మా పలాస జీడిపప్పు పనిలో చూడండి. గింజ పగలగొట్టి, పొట్టు తీస్తే లోపలున్న పప్పు బయటికొస్తుంది. మరీ గట్టిగా గీకితే గుండు కాస్తా బద్దవుతుంది. నా పౌర్ణమి ఫొటోకి జరిగిందదే. కానీ బద్ద అయినా ఆ గింజలోదే. గింజ లోపల ఏముందో చూడకుండా పక్క సంచీలోంచి మంచి గుండు తీసి పెట్టి, "ఇదిగో ఇందులోదే" అంటే ఆ పనిని పొట్టు తీయడం అనరు.

"అందంగా ఉంది కదా, నష్టమేంటి?" అంటారా? 2019 సెప్టెంబర్ 7న చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్‌తో సంబంధాలు తెగిపోయాయి. ఆ నెల 17న నాసా ఎల్ఆర్ఓ ఉపగ్రహం ఆ ప్రాంతాన్ని ఫొటో తీసింది, 26న ఆ చిత్రాన్ని అందరికీ విడుదల చేసింది. చెన్నై ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్ దాన్ని పాత ఫొటోలతో పోల్చుకుంటూ వెతికి, అంతకుముందు లేని ఒక చుక్కని పట్టుకున్నాడు. పిక్సెల్ 1.3 మీటర్లుండే ఆ చిత్రంలో అది ఒకే ఒక్క వెలుగు పిక్సెల్. ల్యాండర్ కూలిన ప్రధాన స్థలానికి వాయవ్యంగా 750 మీటర్ల దూరంలో పడిన శకలం. తర్వాత తీసిన ఫొటోలతో సరిచూసుకుని, డిసెంబర్ 2న నాసా ఆయన పేరు చెప్పి మరీ ప్రకటించింది.

ఇప్పుడు ఆ చిత్రాన్ని బావ ఫోన్‌లాంటి ప్రోగ్రాములో పెట్టి "శుభ్రం" చేశారనుకోండి. చంద్రుడంటే ఎలా ఉండాలో ముందే తెలిసిన ప్రోగ్రాముకి అక్కడ ఉండకూడని ఒక్క చుక్క కనిపిస్తే ఏం చేస్తుంది? నాయిస్ అనుకుని తుడిచేస్తుంది. మనం వెతికేది ఎప్పుడూ ఉండకూడని చుక్కనే కదా.

ఇది చంద్రుడితో ఆగే విషయం కూడా కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరాన్ని తాకింది. అంతకు రెండ్రోజుల ముందే అమావాస్య. మా వీధికి కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. రోజుకింత పెరిగే చందమామే మాకు వీధి దీపం. కుందేలుని నేను అంత తీరిగ్గా చూసింది ఆ రాత్రుళ్ళలోనే. పగలు మా నాన్న తోటలో తిరుగుతూ, పడిపోయిన కొబ్బరి చెట్లని తన పాత ఫోన్‌తో ఒక్కొక్కటే ఫొటో తీశారు. లెక్క రాసుకోడానికి వచ్చినవాళ్ళకి చూపించాలి కదా. సగం మసగ్గా ఉన్నాయి, కొన్నిట్లో నాన్న వేలు అడ్డొచ్చింది. కానీ ఎన్ని మొదళ్ళు విరిగాయో అన్నే కనిపిస్తాయి, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. కొబ్బరితోట అంటే ఎలా ఉండాలో ముందే తెలిసిన ఫోన్ ఒకటి ఆ రోజు నాన్న చేతిలో ఉంటే? చంద్రుడికి లేని గట్టు పెట్టగలిగినది, మా చెట్టుకి లేని మొవ్వు పెట్టదని గ్యారంటీ ఏంటి?

అందుకే నా మాట ఇది. ఎడిటింగ్ మానేయమని కాదు, చేసింది చెప్పమని. మన ఫెస్ట్ ఫొటో పోటీలో, ఈ పత్రిక ఫొటో పేజీలో, ప్రతి ఫొటో కింద రెండు ముక్కలు రాద్దాం. ఎక్కడ తీశాం, దేంతో తీశాం, తర్వాత ఏం చేశాం. ఏఐ వాడినవాళ్ళకి కావాలంటే వేరే విభాగం పెడదాం, అదీ ఒక విద్యే. రెండూ ఒకే వరసలో పెట్టి మార్కులు వేస్తే మాత్రం, డాబా మీద దోమలతో కూర్చున్నవాడు ఎప్పుడూ ఓడిపోతాడు.

తీయాలనుకునేవాళ్ళకి నేను దెబ్బతిని నేర్చుకున్న నాలుగు ముక్కలు. పౌర్ణమి నాడు కాదు, అష్టమికి అటూ ఇటూ తీయండి. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర నీడలు పొడుగ్గా పడి గోతులు వాటంతటవే తేలతాయి, పదును అంతగా అవసరం ఉండదు. చంద్రుడు బాగా పైకొచ్చాక తీయండి, మధ్యలో గాలి పొర తగ్గుతుంది. ఎఫ్/11, ఐఎస్ఓ 100, సెకనులో వందో వంతుతో మొదలుపెట్టండి. పదును పెట్టేటప్పుడు చంద్రుడి అంచున తెల్లగీత కనిపిస్తే హద్దు దాటినట్టే. చివరగా, ఎడిటింగ్ గురించి ఏమీ తెలియని ఒకరికి చూపించండి. నాకైతే అమ్మమ్మ ఉంది.

నా రెండో ఫొటోని ఈ సంచికకి పంపాను. దాని కింద ఇలా రాశాను: "పూండి, మా డాబా మీంచి. వైశాఖ పౌర్ణమి. 250 లెన్సు, 80 ఫ్రేములు కలిపాను. జింప్‌లో పదును కొంచెం పెట్టాను. కుడి అంచున సన్నటి తెల్లగీత నా తప్పే. కుందేలు ఉంది, అమ్మమ్మ చూసింది."