విశ్వాసం వదిలిన బిడ్డకు ఫోను ఆపకండి
కువైట్‌లోని ఫహాహీల్ ప్రాంత తెలుగు కతోలిక తల్లిదండ్రులకు విజ్ఞప్తి

ఫహాహీల్, మంగాఫ్, మహబూలాల నుంచి శుక్రవారం అహ్మదీలోని అరేబియా మాత దేవాలయానికి పూజకు వెళ్లే మనలో, కుటుంబ వీసాకు చాలినంత జీతం లేనివారు పిల్లల్ని ఊళ్లోనే వదిలి వచ్చారు. ఆ పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరిగి, ఇప్పుడు హైదరాబాదులోనో బెంగళూరులోనో చదువుల్లో, కొత్త ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్లు పూజ మానేశారనో, పెంతెకొస్తు సంఘంలో మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారనో, దేవుడే లేడంటున్నారనో మనకు ఫోనులోనే తెలుస్తుంది. ఇంత దూరం నుంచి మన చేతిలో ఉన్నవి రెండే: పంపే డబ్బు, చేసే ఫోను. కోపమొస్తే ఆపేదీ వాటినే. ఆపొద్దని అడగడానికే ఈ కరపత్రం.

పునీత మోనికమ్మ కన్నీళ్ల గురించి ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. ఆమె మొదట చేసిన పని మాత్రం అరుదుగా వింటాం. కొడుకు అగస్తీను మానికేయుల మతంలో చేరితే ఆమె అతన్ని తన ఇంట ఉండనివ్వలేదు, తనతో కలిసి తిననివ్వలేదు. తర్వాత ఒక కల వచ్చి మనసు మార్చుకుని మళ్లీ దగ్గరికి తీసుకుంది. వాడితో వాదించండని ఒక మేత్రాణుల్ని బతిమాలితే ఆయన ఒప్పుకోలేదు, ప్రార్థన చేయమన్నారు. పదేళ్లకు పైగా గడిచాక, క్రీ.శ. 387లో పాస్కా పండుగకు మిలానులో అగస్తీను జ్ఞానస్నానం పొందాడు. అప్పటికి తల్లి అతని దగ్గరే ఉంది. మొదటి వెలివేతనే సాగించి ఉంటే ఆమెకు ఆ చోటు దక్కేదా?

ఊరుకుంటే తప్పును ఒప్పుకున్నట్టే కదా అంటారు. ఊరుకోమనడం లేదు; మన నమ్మకం ఏమిటో స్పష్టంగా చెప్పండి. కానీ అంతరాత్మకు విరుద్ధంగా ఎవరినీ కతోలిక విశ్వాసంలోకి బలవంతపెట్టకూడదని శ్రీసభ ధర్మశాస్త్రం 748వ నిబంధన చెబుతోంది. 1965లో రెండో వాటికన్ మహాసభ మతస్వేచ్ఛ ప్రకటన సారమూ అదే. ఫీజు ఆపుతామని బెదిరించడం బలవంతం కాక మరేమిటి? ఆ భయంతో నమ్మకం లేకుండా దివ్యసత్ప్రసాదం అందుకుంటే ఆ పాపంలో మనకు వాటా లేదా? చిన్నపిల్లలు చెడిపోతారన్న భయమూ అర్థమవుతుంది. అయితే అన్నకు డబ్బు ఆగడం చూసిన తమ్ముడు నేర్చుకునేది తన అనుమానాన్ని దాచుకోవడమే. పైగా కారణం వినకుండా తీర్పు చెప్పలేం. ఉదాహరణకు, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. ఉద్యోగం కోసం కాగితం మీద హిందువునని రాసిన కొడుకూ, మనసారా వెళ్లిపోయిన కొడుకూ ఒకటి కాదు. ఫోను కట్టేస్తే ఆ తేడా ఎలా తెలుస్తుంది?

అందుకే మన విచారణ గురువులను రెండు కోరదాం. నెలకో శుక్రవారం పూజయ్యాక, దేవాలయ ప్రాంగణంలోనే, ఇలాంటి తల్లిదండ్రులు తెలుగులో గంటసేపు మాట్లాడుకునే వీలు కల్పించాలి. ప్రార్థన కూటాల్లో 'ఫలానావారి అబ్బాయి కోసం' అని పేరెత్తడం మానిపించాలి. రాత్రికల్లా ఆ మాట వాట్సాప్‌లో ఊరు చేరుతోంది, అక్కడ ఆ బిడ్డ తలెత్తుకుని తిరగాలి. ఒప్పుకునేవారు వచ్చే శుక్రవారం పూజ తర్వాత గురువుల దగ్గరికి కలిసి రండి.